జాతరలో లేని పద్దు

కోవెంట్రీ నగరం ఎర్ల్స్‌డన్ పేటలో మా ఇంటి నుంచి బస్సు స్టాపుకి నడిచే దారిలో ఒక పాత పబ్ ఉంది. కిటికీలోంచి లోపలి దూలం కనబడుతుంది. దానికి వెడల్పాటి తోలు పట్టీలు వేలాడదీశారు. పట్టీల నిండా ఇత్తడి బిళ్లలు. ఒకదాని మీద సూర్యుడు, ఒకదాని మీద నెలవంక, ఇంకోదాని మీద గోధుమ పన, మరోదాని మీద గుర్రం తల. ఒకప్పుడు బండి గుర్రాల రొమ్ము మీద, నుదుటి మీద ఊగినవి. నేను లోపలికి వెళ్లడం అరుదు, బయటి నుంచే రోజూ చూస్తాను. చూసినప్పుడల్లా ఒకటే సందేహం. గుర్రాలు బతికున్న కాలంలో వీటిని ఇంత తళతళలాడేలా తోమిందెవరు? చీకటితో లేచి దాణా పెట్టాక తోమేవాడా, పొద్దుగూకి పొలం నుంచి వచ్చాకా? తోమినంతసేపూ పని కింద లెక్కకు వచ్చేదా, గుర్రం మీద ప్రేమ కింద జమకట్టి ఊరుకునేవాళ్లా? ఇదీ ఒక ప్రశ్నేనా అని మీరనొచ్చు. నేనూ అనుకుంటాను. అయినా బస్సు వచ్చేదాకా ఇదే బుర్రలో తిరుగుతుంటుంది.

మన దగ్గరా ఈ అలంకారం మొదలై చాలాకాలమైంది. విజయవాడ, హైదరాబాదు రోడ్డు మీద హోటళ్ల ముందు బండిచక్రాలు నిలబెట్టి ఉంటాయి. రోట్లో నీళ్లు పోసి పూలు వేస్తారు. తిరగలి మీద గల్లాపెట్టె, గోడకి ఎద్దుల మెడపట్టెడ, దాని పక్కన చేట. పని చేసినన్నాళ్లూ కొట్టంలో ఓ మూల పడున్న వస్తువు, పని ఆగిపోగానే గోడెక్కి కూర్చుంటుంది. అందులో తప్పేముంది? చెదలు తినేకంటే అదే నయం కదా. నయమే. కానీ ఆ చేటని చూసి నాకు ఆనందం కలిగే ముందు ఒక క్షణం ఏదో అడ్డం పడుతుంది. అదేమిటో తేల్చుకోవాలనే ఈ నాలుగు మాటలు.

వేసవి వచ్చిందంటే కోవెంట్రీ చుట్టూ వార్విక్‌షైర్ పొలాల్లో పల్లె జాతరలు మొదలవుతాయి. ఫిలాంగ్లీ ఊరి పేరున ఒకటి, కెనిల్వర్త్ పేరున ఒకటి, ఇంకా పేరు పెద్దగా తెలియనివి. అలాంటి ఒకదానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. కోసేసిన గడ్డి మైదానమే కార్ల పార్కింగు. కాళ్లకి గజ్జెలు కట్టినంత ఒత్తుగా తెల్లటి జుట్టున్న షైర్ గుర్రాలు, గొర్రె బొచ్చు కత్తిరించేవాళ్లు, గోధుమ గడ్డితో బొమ్మలు అల్లే ముసలావిడ, కొమ్మల చీపుర్లు కట్టేవాడు. ఆవిరి ఇంజనుకి పొడవాటి బెల్టు వేసి నూర్పిడి యంత్రాన్ని తిప్పుతుంటే గాలి నిండా పొట్టు. ఆ పొట్టు మెడ మీద పడి దురద పుట్టగానే నేను ఒక్కసారి గుడివాడ పక్కన మా కళ్లంలో నిలబడ్డాను. దేశాలు వేరు, ధాన్యం వేరు, దురద మాత్రం ఒకటే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకుంటూ దులుపుకుంటున్నారు. సాయంత్రం ఇంటికెళ్లి స్నానం చేస్తే పోతుందని తెలిసిన దురద కనక నవ్వొస్తుంది. మర్నాడు మళ్లీ అదే పొట్టులోకి దిగాల్సినవాడు ఇలా నవ్వుతాడా అని అడగబోయి ఊరుకున్నాను. టికెట్టు కొనుక్కుని వచ్చి మరీ జనాన్ని నిలదీయడం బాగుండదు.

ఒక గుడారం కింద కమ్మరి కొలిమి పెట్టాడు. ఎర్రగా కాలిన ఊచని దాగలి మీద పెట్టి నాలుగు దెబ్బల్లో ఆకు ఆకారానికి సాగదీసి, మెలిపెట్టి, గోడ కొక్కెం చేసేశాడు. చెయ్యి తిరిగిన పనివాడు, సందేహం లేదు. దాగలి పక్కనే కార్డు మిషను. నేనూ ఒక కొక్కెం కొని కార్డు ఆనించాను. చిన్న కూత వినబడింది, మా ఇద్దరి మధ్య లెక్క అక్కడితో చెల్లు. మా ఊరి కమ్మరితో మాకు లెక్క ఎన్నడూ ఇలా చెల్లలేదు. ఏడాది పొడుగునా కర్రు సాగదీయించుకోవడం, కొడవళ్లకి కక్కు పెట్టించుకోవడం, బండి చక్రాలకి ఇనప పట్టా ఎక్కించుకోవడం. డబ్బు మాటే ఉండేది కాదు. నూర్పిళ్లయ్యాక కళ్లంలో మేర కొలిచేవాళ్లు. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి తలా ఒక గంప పట్టుకుని వచ్చి నిలబడేవాళ్లు. పోయినేడు కర్రు సరిగ్గా కుదరలేదని తాతయ్య గొణిగేవాడు. “పోయినేడు కొలత కూడా అలాగే కుదిరింది గదండీ” అని కమ్మరి నవ్వుతూనే అనేవాడు. తాతయ్య ఇంకో చేటెడు పోసేవాడు, మొహం మాత్రం పక్కకి తిప్పుకుని. ఆ అలకలూ బేరాలూ లేని కొలిమిని చూస్తే నిప్పు ఉంది, ఇనుము ఉంది, ఊరు లేదు అనిపించింది. మరి కార్డు మిషను మంచిది కాదా? కమ్మరిని అడిగితే ఏమంటాడు? గంప పట్టుకుని ఒకరి కళ్లంలో నిలబడే కంటే కార్డే మేలంటాడు. ఆ మాట కొట్టిపారేయగలిగింది కాదు.

కాస్త ముందుకెళితే కంచె అల్లేవాడు. ఇక్కడి పొలాలకి బతికున్న మొక్కలే కంచె. కాండాన్ని మొదట్లో ముప్పాతిక వంతు దాకా నరికి, విరిగిపోకుండా ఏటవాలుగా వంచి, మధ్యమధ్య గుంజలు పాతి, పైన సన్న బెత్తాలతో జడ అల్లుతారు. నరికిన చోటి నుంచే వచ్చే వసంతంలో కొత్త చిగుళ్లు లేచి కంచె చిక్కబడుతుంది. వార్విక్‌షైర్‌తో కూడిన మిడ్‌లాండ్స్ మండలాల్లో అల్లే పద్ధతికి మిడ్‌లాండ్ బులక్ అని పేరు. బరువైన కోడెలు ఆనుకుని తోసినా తట్టుకునేలా అల్లేది. ముళ్ల కొమ్మలన్నీ పశువు వైపుకే తిప్పుతారు. చూస్తూ నిలబడితే చేతులు దురద పెట్టేంత అందమైన పని. పక్కనే పిల్లలకి దిష్టిబొమ్మల పోటీ. పాత చొక్కాలు, గడ్డి, బకెట్టు తలలు. మా అమ్మాయి కూడా ఒకటి చేసి దానికి నా పాత మఫ్లరు చుట్టింది.

ఈ రెండు గుడారాలూ పక్కపక్కన ఉండడం ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ నాకు జోసెఫ్ ఆర్చ్ గుర్తొచ్చాడు. ఇక్కడికి దక్షిణాన, వార్విక్ దాటాక బార్ఫర్డ్ అనే ఊళ్లో 1826లో పుట్టాడు. తొమ్మిదేళ్లకే పొలంలో పిట్టలు తోలే పనికి కుదిరాడు. పన్నెండు గంటల పనికి రోజుకి నాలుగు పెన్నీలు. అంటే ఈ పోటీలో పిల్లలు గడ్డి కూరి నిలబెడుతున్న బొమ్మ స్థానంలో అప్పట్లో ఒక పిల్లవాడే నిలబడ్డాడు. పెద్దయ్యాక కంచెలు అల్లడంలో పోటీలు గెలిచిన మొనగాడు. ఆ పని మీద ఊరూరూ తిరుగుతూ కూలీల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతోందో చూశాడు. 1872 ఫిబ్రవరి 7న వెల్స్‌బర్న్‌లో ఒక చెస్ట్‌నట్ చెట్టు కింద, చలిలో, చీకట్లో, వందలాది కూలీల ముందు నిలబడి మాట్లాడాడు. ఆ తర్వాత కూలీలు అడిగింది రోజుకి 2 షిల్లింగుల 8 పెన్నీలు. అదే ఏడాది దేశం మొత్తానికి వ్యవసాయ కూలీల సంఘం ఏర్పడింది, ఆర్చ్ దానికి అధ్యక్షుడయ్యాడు. 1884 చట్టంతో పల్లె కూలీలకి కూడా ఓటు వచ్చింది. మరుసటేడే అతను పార్లమెంటులో కూర్చున్నాడు. కంచె అల్లే నైపుణ్యం గుడారంలో ఉంది, ఆ కంచె అల్లినవాడి కోపం ఎక్కడా లేదు. రెంటినీ ఒకే మనిషి మోశాడని తెలిశాక ఒక్కదాన్నే చూసి చప్పట్లు కొట్టడం కష్టమైపోయింది.

జాతరలో అసలు జనం మూగింది పాత ట్రాక్టర్ల వరస దగ్గర. బూడిద రంగు ఫెర్గూసన్ టీఈ20లు, వరసగా, కొత్త రంగుతో. ఒకదాని పక్కన మడతకుర్చీ వేసుకుని టీ తాగుతున్న పెద్దాయనని ఇదెక్కడ చేశారని అడిగాను. “బానర్ లేన్, ఇంకెక్కడ?” అన్నాడు, నేనేదో మా ఇంటి అడ్రసు నన్నే అడిగినట్టు మొహం పెట్టి. బానర్ లేన్ కోవెంట్రీలోదే. రెండో ప్రపంచయుద్ధంలో విమాన ఇంజన్లు చేసిన ఫ్యాక్టరీ. యుద్ధం అయిపోయాక ఖాళీగా పడున్న ఆ షెడ్లలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ 1946లో హ్యారీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారు చేయడం మొదలుపెట్టింది. 1956 దాకా ఐదు లక్షలకి పైగా చేసింది. ఫెర్గూసన్ ఐర్లండు రైతు బిడ్డ. పొలం చాకిరీ అంటే గిట్టక చిన్నప్పుడే అన్నగారి గ్యారేజీలో చేరిపోయాడు. నాగలిని వెనక కట్టి ఈడ్చే బదులు హైడ్రాలిక్ శక్తితో ఎత్తేలా, దించేలా మూడు చోట్ల ట్రాక్టరుకే తగిలించడం అతని ఆలోచన. ఈ రోజు ప్రపంచంలో దాదాపు ఏ ట్రాక్టరు వెనక చూసినా ఉండేది ఆ మూడు కొక్కేల అమరికే. నాగలి పట్టడం ఎంత కష్టమో తెలిసినవాడే దాన్నుంచి తప్పించుకునే దారి వెతికాడు. నాగలి పట్టనివాళ్లం మేము మటుకు నాగలి కోసం బెంగ పెట్టుకుంటాం.

ఆ బూడిద ట్రాక్టర్లకి ఎదురుగానే షైర్ గుర్రాల బరి. గుర్రాన్ని పొలం నుంచి వెళ్లగొట్టిన యంత్రమూ, వెళ్లిపోయిన గుర్రమూ రెండూ ఇప్పుడు వారసత్వమే. రెంటికీ రిబ్బను కట్టారు, రెంటి పక్కనా పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. నాకు నవ్వు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫెర్గూసన్ కంపెనీ 1953లో మాసీ-హారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో టాఫే ట్రాక్టర్ల కంపెనీ ఆ మాసీ ఫెర్గూసన్ సహకారంతో పుట్టింది. మా ఊళ్లో దమ్ము చక్రాలు తగిలించుకుని మాగాణిలోకి దిగిన ఎర్ర మాసీ ట్రాక్టరు మూలం పట్టుకుని పోతే, నేను కూరగాయలు కొనే కొట్టుకి బస్సు దూరంలో ఉన్న ఆ ఫ్యాక్టరీలోనే తేలుతుంది. మా ఎద్దులని కొట్టంలోంచి బయటికి పంపిన నిర్ణయం సగం ఇక్కడ జరిగిందన్నమాట. బానర్ లేన్‌లో 2002 చివర్లో పని ఆగిపోయింది. ఇప్పుడక్కడ ఇళ్లు లేచాయి. మా ఊళ్లో ఆ ట్రాక్టరు సంతతి ఇంకా దున్నుతూనే ఉంది. ఇక్కడ ముచ్చటైన వారసత్వం, అక్కడ వాయిదాలు కట్టాల్సిన అప్పు. వస్తువు ఒకటే. దాని మీద ఎవరి పొట్ట ఆధారపడి ఉందన్న దాన్ని బట్టి దానికి రంగు మారుతోంది. అంటే ఒక పనిముట్టు మనకి అందంగా కనబడడం మొదలైందంటే, అది ఇక మన నుంచి ఏమీ అడగదని తెలిసిపోయిందనా? ప్రేమ అనుకుంటున్నది ఊపిరి పీల్చుకోవడమేనా?

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. గుర్రాలు, కొలిమి, వెన్న చిలకడం, గొర్రె బొచ్చు. అమ్మ అంతా విని, “పేడ ఎత్తే పోటీ కూడా పెట్టార్రా?” అంది. లేదన్నాను. “మరి కుడితి కలపడం?” అదీ లేదు. “అయితే మగాళ్లు పెట్టిన జాతర్రా అది” అని తేల్చేసింది. ఎద్దులు పోయిన రోజున నాన్న రెండు రోజులు సరిగ్గా తినలేదని మేమంతా చెప్పుకుంటాం. ఆ రోజు నీకేమనిపించిందని అమ్మని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఇప్పుడడిగాను. “నాలుగ్గంటలకి లేవక్కర్లేదు కదా అనిపించింది” అంది. కాసేపాగి, “పడుకున్నా నాలుగ్గంటలకే మెలకువ వచ్చేదనుకో, అది వేరే సంగతి” అని కూడా అంది. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న చోటులోనే ఈ జాతరలన్నీ జరుగుతాయేమో. పోయినందుకు హాయి, పోయినా వదలని అలవాటు. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టివేయదు.

ఇలా తలచుకోవడం మన తరానికే కొత్తగా పట్టుకున్న జబ్బని మొదట్లో అనుకునేవాణ్ని. కాదని తెలిసింది నవలా రచయిత్రి జార్జ్ ఇలియట్ వల్ల. ఆమె ఈ జిల్లా మనిషే. 1819లో నునీటన్ దగ్గర ఆర్బరీ ఎస్టేటులో పుట్టింది, వయసులో కొన్నేళ్లు కోవెంట్రీలోనే ఉంది. తండ్రి ఎస్టేటు వ్యవహారాలు చూసేవాడు. ఆమె ఆడమ్ బీడ్ నవల 1859లో వచ్చింది, కథ మాత్రం 1799లో మొదలవుతుంది. వెన్న చిలికే చావడి, కోతల విందు, వడ్రంగి కొట్టు అన్నీ అందులో ప్రేమగా కనబడతాయి. అంటే రైళ్లు పరుగులు తీస్తున్న కాలంలోనే ఆమె తన పుట్టుకకి ముందరి పల్లె కోసం వెనక్కి తిరిగి చూసింది. రేమండ్ విలియమ్స్ 1973లో పల్లె, పట్నం మీద రాసిన పుస్తకంలో ఇదే పని పట్టుకుని వెనక్కి నడుస్తాడు. ప్రతి తరమూ అసలైన పల్లె తమ చిన్నతనంలోనే పోయిందంటుంది. ఆ చిన్నతనం దగ్గరికి వెళితే అప్పటివాళ్లు అంతకు ముందే పోయిందంటారు. ఇక్కడ స్టోన్‌లీ పార్కులో 1963 నుంచి రాయల్ షో జరిగేది. రేపటి యంత్రాలు, రేపటి పశువుల జాతులు చూపే పెద్ద వ్యవసాయ ప్రదర్శన అది. 2009తో ఆగిపోయింది. రేపటిని చూపే జాతర మూతబడి, నిన్నటిని చూపేవి నడుస్తుండడం గురించి విలియమ్స్ ఉండుంటే ఏమనేవాడో.

వెనక్కి వెళుతూ వెళుతూ ఉంటే ఇంకోటి తగిలింది. అసలు ఈ ప్రాంతంలో జాతరంటే ఒకప్పుడు కూలీలని కుదుర్చుకునే చోటు. వార్విక్‌లో, స్ట్రాట్‌ఫర్డ్‌లో ఇప్పటికీ అక్టోబరులో మాప్ ఫెయిర్ అని వీధుల్లో రంగులరాట్నాలు పెడతారు. పూర్వం ఆ రోజున పనివాళ్లు తమ పనిని తెలిపే గుర్తు పెట్టుకుని వీధిలో వరసగా నిలబడేవాళ్లు. గొర్రెల కాపరి టోపీకి ఉన్ని పీచు, బండివాడికి కొరడా తాడు. యజమాని వచ్చి చూసుకుని, ఏడాదికి మాట్లాడుకుని, చేతిలో ఒక నాణెం పెడితే ఒప్పందం. కుదిరిన చోట పొసగకపోతే కొన్నాళ్ల తర్వాత రన్‌అవే మాప్ అని ఇంకో సంత. పారిపోవాలనుకున్నవాళ్లకి మరో అవకాశం. పారిపోవడానికి కూడా ఒక రోజు కేటాయించిన ఈ ఏర్పాటు చదివి చాలాసేపు ముచ్చటపడ్డాను. మా వైపు ఉగాదికి జీతాలు కుదుర్చుకునేవాళ్లు. పారిపోయే రోజు మాత్రం మా పంచాంగంలో లేదు.

మా ఇంట్లో ఒక పాలేరు ఉండేవాడు. పిల్లలం బాబాయి అని పిలిచేవాళ్లం. ఎద్దుల మెడల్లో మువ్వలు తోమింది ఆయనే. ఏ ఎద్దు దేనికి బెదురుతుందో, ఏది కాడి కింద ఎడమవైపు కుదురుతుందో ఆయనకే తెలుసు. పడక కొట్టంలో, నులకమంచం మీద, వాటి పక్కనే. అన్నం అరుగు కింద, వేరే పళ్లెంలో. బాబాయి అన్న పిలుపు, వేరే పళ్లెం, రెండూ ఒకే ఇంట్లో ఇబ్బంది లేకుండా ఇమిడిపోయాయి. ఆయన జీతంలో సగం ఎప్పుడో పెళ్లి ఖర్చుకి తీసుకున్న అప్పులోకి జమ అయ్యేది. ఆ అప్పు ఎప్పటికి తీరుతుందో చెప్పే కాగితం తాతయ్య దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ట్రాక్టరు వచ్చిన ఉగాదికి ఆయన జీతం కుదరలేదు. ఎద్దులని సంతకి తోలుకెళ్లింది కూడా ఆయనే. నాన్న తినలేదన్న మాట ఇంట్లో మిగిలింది గాని బాబాయి ఆ తర్వాత ఏం తిన్నాడన్నది మిగల్లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి వచ్చింది 1922లో. అందులో సంగదాసు పాలేరుగా ఉన్న ఇంటి ఆసామి చేతి దెబ్బకే చచ్చిపోతాడు. పల్లె అంటే పచ్చదనమని పాటలు కట్టుకుంటున్న కాలంలోనే ఒక తెలుగు నవల ఆ పచ్చదనం కింద ఎవరున్నారో చూపించింది. వందేళ్ల తర్వాత మేము విదేశంలో సంక్రాంతికి అద్దె హాల్లో పల్లెటూరు కట్టుకుంటూ దాన్ని ఎలా మరిచిపోగలం? బాగానే మరిచిపోతున్నాం.

అయితే జాతరలన్నీ ఇలా చూసి పోయేవేనా? జహీరాబాదు పక్కన పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని చేస్తోంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్ 2023లో కన్నుమూశారు. పని చేసేది మాత్రం ఎక్కువగా దళిత మహిళల సంఘాలు. ఒకప్పుడు కూలికి వెళ్లినవాళ్లే. ఏటా సంక్రాంతి నాటికి అక్కడ పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్ల బళ్లు అలంకరించి, మట్టికుండల్లో జొన్న, కొర్ర, సామ, కంది, తైదలు నింపి నెల రోజుల పాటు ఊరూరా తిప్పుతారు. పాటలుంటాయి, డప్పులుంటాయి, ఫొటోలు తీసేవాళ్లూ ఉంటారు. కానీ ఆ కుండల్లో గింజ అలంకారం కాదు, తొలకరికి మట్టిలోకి వెళ్లేది. విత్తనం కావలసినవాళ్లు సంఘం నుంచి కొలిచి తీసుకుంటారు, పండాక తీసుకున్న దానికంటే ఎక్కువ కొలిచి తిరిగిస్తారు. ఎరువు, నీరు పెద్దగా అడగని ఆ పాత పంటలే మెట్ట భూమిలో వాళ్ల ఇంట్లో తిండి గింజలకి లోటు రానివ్వలేదు. 2019లో వాళ్లకి ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ బండి వెనక నడిచే ఆవిడకి పల్లె మీద బెంగ ఉండదు. వానెప్పుడు పడుతుందన్న బెంగ ఉంటుంది.

నాకు ఆశ్చర్యం కలిగించింది, ఇలాంటి పనే కోవెంట్రీ పొలిమేరలో రైటన్‌లో జరుగుతుండడం. గార్డెన్ ఆర్గానిక్ సంస్థ వాళ్ల హెరిటేజ్ సీడ్ లైబ్రరీ అక్కడుంది. పేరుకి లైబ్రరీ, ఉన్నవి చిక్కుళ్లు, బఠాణీలు, టమాటాలు, కాబేజీలు, సుమారు ఎనిమిది వందల రకాలు. అధికారిక జాబితాలో నమోదు కాని రకాల విత్తనాన్ని అమ్మకూడదన్న నిబంధన వల్ల వాటిని సభ్యులకి పంచుతారు. ఎంపిక చేసుకున్న కొందరు పెరటివాళ్లు ఒక్కో రకం బాధ్యత తీసుకుని, పండించి, ఎండబెట్టి, గింజలు తిరిగి పంపుతారు. వాళ్లని సీడ్ గార్డియన్లు అంటారు. ఈ నగరంలో పంజాబు, జమైకా, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు కూడా తమ కూరగాయల విత్తనాలని అద్దె తోటల్లో చేతులు మార్చుకుంటూ నిలబెట్టుకుంటున్నారు. మా గోంగూర కూడా ఆ తోటల్లోని సొరంగం లాంటి పాలిథీన్ గుడారాల్లోనే వేసవిలో నాలుగు ఆకులు వేస్తుంది. అప్పుడు నాకో సూత్రం దొరికిందనుకున్నాను. తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉన్నంతకాలం ఏదైనా బతికున్నట్టు. బాకీ చెల్లిపోతే అది గోడకెక్కుతుంది. కమ్మరి మేర, సంఘం విత్తనం, సీడ్ గార్డియన్ గింజల పొట్లం అన్నీ ఈ సూత్రంలో చక్కగా కూర్చున్నాయి.

కాసేపే కూర్చున్నాయి. బాబాయి పెళ్లి అప్పు గుర్తొచ్చేదాకా. అది కూడా బాకీయే కదా. అది ఆయన్ని ఆ కొట్టానికి ఏళ్ల తరబడి కట్టేసింది. అలాంటి అప్పులకి చాకిరీని తాకట్టు పెట్టడం నేరమని దేశం చట్టం చేసింది 1976లో. తిరిగి ఇవ్వాల్సింది ఉన్నంతకాలం సంబంధం బతికుంటుందని నేను అందంగా అనేస్తే, ఆ సంబంధం కింద నలిగినవాడు ఏమనాలి? కమ్మరి గంప పట్టుకుని నిలబడ్డ తీరు కూడా నాకు తాతయ్య వైపు నుంచే గుర్తుంది, గంప వైపు నుంచి కాదు. జహీరాబాదు ఆడవాళ్ల లెక్కలో తేడా ఏమిటంటే, కొలపాత్ర వాళ్ల చేతిలోనే ఉంది. ఎంత తీసుకున్నారో, ఎంత తిరిగివ్వాలో అందరి ముందూ కొలుస్తారు. తాతయ్య కాగితం తాతయ్య పెట్టెలో ఉండేది. అందుకే ఇప్పుడు బాకీ మంచిదా చెడ్డదా అని అడగడం మానేశాను. లెక్క ఎవరి దగ్గరుంది, అందరికీ కనబడుతుందా అని అడుగుతున్నాను. గుర్రం బిళ్లలు, నాగలి, కొలిమి, మువ్వలు అన్నీ ప్రదర్శనకి పెట్టండి, ఏం ఫరవాలేదు, నేను పిల్లల్ని తీసుకుని వస్తాను, కొక్కెం కూడా కొంటాను. పక్కన ఆ లెక్క కూడా పెట్టండి. అది లేకుండా పెట్టినప్పుడే నాకు ఆ చేట ముందు ఏదో అడ్డం పడేది.

ఈ మాటే మా తెలుగువాళ్ల సంక్రాంతి కమిటీలో అన్నాను. ఏటా ఒక హాలు అద్దెకి తీసుకుని బొమ్మల కొలువు పెడతాం, పేడ దొరకదు కనక మట్టితో గొబ్బెమ్మలు చేస్తాం, యూనివర్సిటీలో చదువుకునే కుర్రాళ్లలో ఒకడు హరిదాసు అవుతాడు, అట్టముక్కలతో నాగలీ ఎద్దులబండీ చేసి ఫొటోలకి పెడతాం. ఈసారి నాగలి పక్కన దాన్ని పట్టినవాడి గురించి ఒక చీటీ పెడదామన్నాను. ఒక తమ్ముడు, “పండగపూట ఎందుకన్నా ఈ గొడవ, పిల్లలు సరదాగా చూసి పోతారు” అన్నాడు. ఇంకొకామె, “మీ ఇంట్లో పాలేరున్నాడు కాబట్టి మీకు చీటీ రాయాలనిపిస్తోంది. మా నాన్న ఇంకొకరింట్లో పాలేరు. ఆ చీటీ ఎవరు రాయాలో ముందు తేల్చండి అన్నయ్యగారూ” అంది. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సాంబారు ఎవరు వండాలన్న చర్చలో పడ్డాం. మర్నాడు ఆమెకి ఫోన్ చేసి మీరే రాయమని అడిగాను. రాసి పంపింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు. కమిటీ దాన్ని పెట్టనిస్తుందో లేదో ఇంకా తేలలేదు. చీటీలో ఉన్నది ఇంతే: పని, దున్నడం, దమ్ము చేయడం, కుప్ప నూర్చడం, పశువుల కాపు. జీతం, ఏడాదికి కొలిచి ఇచ్చిన ధాన్యం, రెండు పంచెలు, ఒక దుప్పటి, చెప్పుల జత. అందులో అప్పు కింద పట్టుకున్నది, ఆసామికి తెలుసు. పని వేళలు, ఎవరూ రాసి పెట్టలేదు.